సావిత్రీనామవిమర్శము

తెలుఁగుదేశమున నాఁడుపిల్లలకుఁ బెట్టు పేళ్లలో 'సావిత్రి' యనునది మిగులఁ బ్రాఁతది, మిగులఁ బరిచితమైనది. ఇంటఁ బెద్దలు సావిత్రమ్మ యని పిలుతురు. నెచ్చెలులు సావిత్రీ యని పిలుతురు. అయిన నీ పేరునకు నర్థమేమని యడిగినచోఁ బెక్కండ్రు 'పతివ్రత' యనియే బదులు చెప్పుదురు. శిశువులకుఁ బేళ్లు వెదకుకొనువారికై యిటీవల వెలువడుచున్న పేళ్ల పుస్తకములందును ఈ యర్థమే కాని, 'సూర్యకిరణము' అను నర్థము కాని కానవచ్చుచున్నది. ఇందు మొదటిది శబ్దమునుండి వచ్చినది గాదు, కథనుండి వచ్చినది. రెండవది శబ్దమునుండియుఁ గాదు, కథనుండియుఁ గాదు, ఊహనుండి వచ్చినది. శబ్ద మేమి చెప్పుచున్నది, కథ యేమి చెప్పుచున్నది, లోకము వానిలో దేనిని నిలుపుకొన్నది, దేనిని జాఱవిడిచినది యను విషయము నీ వ్యాసమున విమర్శింతును. ఇది వైయాకరణుల వినోదము మాత్రమే యనుకొనరాదు. పేరు తల్లిదండ్రులు బిడ్డకిచ్చు మొదటి యాస్తి. ఆ యాస్తి విలువను దక్కువగాఁ గట్టి చెప్పిన, నష్టపడునది యా బిడ్డయే.

మొదట శబ్దస్వరూపము. సావిత్రీశబ్దమునకు మూలము సవితృశబ్దము. ప్రేరణార్థకమైన 'షూ' ధాతువు తుదాదిగణమునఁ గలదు; 'సువతి' యని దాని రూపము. దానిపైఁ గర్త్రర్థమునఁ దృచ్ప్రత్యయము రాఁగా (3.1.133) ఇడాగమమును, గుణమును, అవాదేశమును గలిగి 'సవితృ' యగును. ప్రేరేపించువాఁడు, పురికొల్పువాఁడు అని యర్థము. ప్రసవార్థకములైన 'సూతి', 'సూయతి' ధాతువులనుండియు నీ రూపమును సాధింపవచ్చును గాని, వానికి ఇడాగమము వైకల్పికమని పాణిని విధించెను (7.2.44). అందువలన వానికి 'సోతా' యను రూపాంతరముగూడఁ గలుగును. తుదాదిధాతువునకో, ఇట్టు నిత్యము. దేవతానామము 'సవితా' యనియే నియతముగా నుండుట ప్రేరణార్థమునకే యనుకూలించుచున్నది. యజ్ఞమున ఋత్విజుఁడు హవిస్సును జేతఁ దాల్చునపుడు సవితృదేవుని ప్రేరణమున దీనిని గైకొనుచున్నానని చెప్పుకొనుట ప్రసిద్ధము. పనికిఁ బురికొల్పు దైవము సవిత. ఇది వైదికుల తలంపు.

'సూర్యకిరణ'వాదము దీనితోడనే పోవుచున్నది. సవితయు సూర్యుఁడును నొక్క దేవతయే యైనను, ఒక్క యవస్థ గాదు. ఉదయమునకుఁ బూర్వ మున్నవాఁడు సవితయనియు, ఉదయము మొదలు అస్తమయము వఱకు నుండువాఁడు సూర్యుఁడనియు సాయణాచార్యులు ఋగ్వేదభాష్యమున వివేచించిరి. కనఁబడు వెలుఁగునకు సూర్యుఁడని పేరు. కనఁబడకమున్నే లోకమును నిద్రనుండి కదల్చు శక్తికి సవిత యని పేరు. కిరణము పుట్టకముందటి దానిని గిరణమని చెప్పుట పొసఁగదు.

ఈ సవితృశబ్దముపై 'అతఁడు దీనికి దేవత' అను నర్థమునఁ గాని (4.2.24), 'అతనికి సంబంధించినది' అను నర్థమునఁ గాని (4.3.120), 'అతని సంతానము' అను నర్థమునఁ గాని (4.1.92) అణ్ప్రత్యయము వచ్చును. ఆదివృద్ధిచే 'సావిత్ర' యగును. స్త్రీత్వము వివక్షితమైనపుడు అణంతమగుటచే ఙీప్పు వచ్చి (4.1.15) 'సావిత్రీ' యగును. కాఁబట్టి సవిత దేవతగాఁ గల ఋక్కు, సవితకు సంబంధించిన శక్తి, సవిత కూఁతురు అని మూఁడర్థములు. మూఁటియందును విడువక నిలిచినది ప్రేరణము. పతిశబ్దము గాని, వ్రతశబ్దము గాని యీ శబ్దశరీరమున లేశమును లేదు.

ఇచ్చట మఱియొక పొరపాటును దొలఁగింపవలయును. కొందఱు సావిత్రి యనఁగాఁ 'గన్నతల్లి' యని చెప్పుదురు. ఆ యర్థము 'సవిత్రీ' యను వేఱొక శబ్దమునది. తృజంతమైన సవితృశబ్దము ఋకారాంతమగుటచే నేరుగా ఙీప్పును బొంది (4.1.5) 'సవిత్రీ' యగును, కనునది, తల్లి యని యర్థము. ఒకదానియందుఁ దద్ధితము కలదు, వేఱొకదానియందు లేదు. మొదటి యచ్చు దీర్ఘమగుటయే రెంటికిని భేదము. ఒక్క మాత్ర తప్పినచో మాట మాఱునని చెప్పుట కిది మంచి యుదాహరణము.

నామకరణశాస్త్రమునకు నీ పేరు తగియున్నదా యని చూతము. తెలుఁగువారిలోఁ బెక్కండ్రు ననుసరించు ఆపస్తంబగృహ్యమునఁ గన్యకు బేసియక్షరముల పేరు విధింపఁబడినది. పారస్కరుఁడు బేసియక్షరములతోఁ బాటు తద్ధితాంతమును, ఆకారాంతమును గోరెను. మనువు స్త్రీనామము సుఖముగా నుచ్చరింపఁదగినదై, స్పష్టార్థమై, మనోహరమై, దీర్ఘాంతమై యుండవలెననెను (2.33). సావిత్రీశబ్దమున నక్షరములు మూఁడు, అది తద్ధితాంతము, దీర్ఘాంతము. పారస్కరుని యాకారనియమ మొక్కటి తప్పఁ దక్కిన నియమములన్నియు దీనియందుఁ జక్కఁగా నెఱవేఱుచున్నవి. తెలుఁగున నీకారాంత తత్సమములు హ్రస్వాంతములగుటచే గౌరీశబ్దము గౌరి యైనట్లు సావిత్రీశబ్దము సావిత్రి యైనది. సంస్కృతమున నీ శబ్దమునకు సంబోధనమునందు మాత్రమే హ్రస్వము (7.3.107). అనఁగా సంస్కృతమునఁ బిలుపునందు వినఁబడు రూపమే తెలుఁగున నెల్లవేళల నామరూపమై నిలిచినది.

ఇఁక వేదమున సావిత్రి యెవరు? ప్రధానముగా నది యొక ఋక్కు. ఋగ్వేదము మూఁడవ మండలమున విశ్వామిత్రుఁడు దర్శించిన మంత్రము (3.62.10). ఎనిమిదేసి యక్షరముల పాదములు మూఁడు గలది గావున ఛందస్సునుబట్టి గాయత్రి. సవిత దేవత గావున దేవతనుబట్టి సావిత్రి. అందుఁ గోరఁబడినది ధనము గాదు, సంతానము గాదు, బుద్ధులకుఁ బ్రేరణము. ఈ మంత్రోపదేశముతోడనే ద్విజునకు రెండవజన్మ మనియు, ఆ జన్మమున సావిత్రియే తల్లి, ఆచార్యుఁడు తండ్రి యనియు మనువు చెప్పెను (2.170). ఉపదేశమునకు బ్రాహ్మణునకు 16, క్షత్రియునకు 22, వైశ్యునకు 24 ఏండ్లు గడువు. అది దాఁటినవాఁడు సావిత్రీపతితుఁడై వ్రాత్యుఁడగును.

మంత్రముగాక స్త్రీరూపమున నిరువురు సావిత్రులు వేదమునఁ గనఁబడుదురు. ఋగ్వేదము పదియవ మండలమున వివాహసూక్తమునకు (10.85) ఋషిక సూర్యా సావిత్రి, సవిత కూఁతురు. నేఁటికిని మన పెండ్లిండ్లలోఁ బఠింపఁబడు మంత్రములలోఁ గొన్ని యా సూక్తమునందలివి. ఆమె మనస్సునఁ బతిని గోరియుండఁగా సవిత యామె నిచ్చెనని యా సూక్తము చెప్పుచున్నది. తైత్తిరీయబ్రాహ్మణమున (2.3.10) సీతా సావిత్రి యను నామె సోముని వలచి, అతఁడు శ్రద్ధయందు మనసు గలవాఁడై యుండఁగాఁ దండ్రి సాయమునఁ దన ప్రయత్నముచే నతని మనస్సును ద్రిప్పుకొన్నట్లు కథ గలదు. తైత్తిరీయము తెలుఁగునాఁట విశేషముగా నధ్యయనము చేయఁబడు శాఖ. అయినను నీ కథను దలఁచువా రరుదు. ఈ యిరువురియందును సామాన్యధర్మమొకటి గలదు. ఇద్దఱును గోరుకొన్నవారు, ఇయ్యఁబడుటకై యూరక కాచుకొన్నవారు గారు.

ఈ పూర్వరంగము నెఱిఁగినపిదప భారతకథ వేఱొక వెలుఁగునఁ గనఁబడును. వనపర్వమున మార్కండేయుఁడు ధర్మరాజునకుఁ జెప్పిన కథ యిది. మద్రరాజైన యశ్వపతి సంతానము లేక పదునెనిమిదేండ్లు సావిత్రీమంత్రముతో హోమము చేయఁగా సావిత్రీదేవి యగ్నిహోత్రమునుండి వెలువడి కూఁతురు గలుగునట్లు వరమిచ్చినది. సావిత్రి ప్రసాదించినది గావున బిడ్డకు సావిత్రి యని పేరు పెట్టిరి. ఇందు వ్యాకరణప్రక్రియ స్పష్టము. 'సావిత్రీదత్త' యనఁదగిన చోట నుత్తరపదము లోపించినది. సత్యభామ 'సత్య' యైనట్లును, దేవదత్తుఁడు 'దేవుఁ'డైనట్లును ప్రత్యయము లేకయే పూర్వపదముగాని యుత్తరపదముగాని లోపింపవచ్చునని కాత్యాయనుని వార్తికము (5.3.83 పై).

ఇచ్చటఁ జదువరులు గమనింపవలసిన దొకటి గలదు. పేరు పెట్టినది పుట్టినపుడు. అప్పటికి సత్యవంతుఁడు లేఁడు, యముఁడు లేఁడు, వ్రతము లేదు. కాఁబట్టి యీ పేరునకుఁ 'బతివ్రత' యను నర్థము కవిచేతనే నిరస్తమైనది. ఆమె పతివ్రత యగుటచే సావిత్రి కాలేదు. సావిత్రి యైన పిమ్మటఁ బతివ్రత యైనది.

పూర్వపక్షి యిట్లనవచ్చును: "రూఢి యోగార్థమును బాధించును గదా! పంకజమనఁగా బురదయందుఁ బుట్టిన నత్తగుల్ల యని యెవరును దలఁపరు. అట్లే లోకమున సావిత్రీశబ్దమునకుఁ బతివ్రతయందే రూఢి. మహాభారతమున నా యుపపర్వము పేరే పతివ్రతామాహాత్మ్యము." ఈ వాదము సారము లేనిది గాదు, బదులు చెప్పవలసినదే.

రూఢి పదార్థమునందుండును, గుణమునందుఁ గాదు. సావిత్రి యను సంజ్ఞ యశ్వపతి కూఁతునందు రూఢము. మఱియొక స్త్రీని జూచి 'ఈమె సావిత్రి' యన్నచో నది రూఢి గాదు; గౌణీవృత్తి. 'ఈ బాలుఁడు సింహము' అన్నట్టిదే. గౌణప్రయోగమున నుపమానమునుండి గైకొనవలసినది దాని యసాధారణధర్మము. సింహమునకుఁ గాళ్లు నాలుగున్నవి, తోఁక యున్నది, ఆ ధర్మములు మేఁకకును గలవు గావున బాలుని సింహమన్నపుడు వానిని గ్రహింపము, శౌర్యమునే గ్రహింతుము. అట్లే పాతివ్రత్యము సావిత్రియందుఁ గలదు, నిజమే. అది యరుంధతియందును గలదు. అనసూయయందును, సీతయందును, దమయంతియందును గలదు. సామాన్యధర్మమును గ్రహించి యసాధారణధర్మమును విడుచుట గౌణీవృత్తికే విరుద్ధము. ఉపపర్వము పేరును దీనిని బాధింపదు. అది వర్గమును దెలుపుచున్నది, వ్యక్తిని గాదు.

సావిత్రియందలి యసాధారణధర్మ మేది? కథనే యడుగుదము. ఆమె తేజస్సునకు వెఱచి వరులెవ్వరును రాకుండఁగాఁ దండ్రి యామెనే వరుని వెదకుకొనఁ బంపెను. ఆమె రథమెక్కి తపోవనములు దిరిగి, రాజ్యము గోలుపోయిన గ్రుడ్డిరాజు ద్యుమత్సేనుని కుమారుని వరించి వచ్చినది. ఏఁడాదికి వాని యాయువు దీఱునని నారదుఁడు చెప్పెను. మఱియొకనిఁ గోరుకొమ్మని తండ్రి చెప్పెను. ఆమె మాట మార్చలేదు. నాఁటి దినము రాఁగా మూఁడునాళ్లుపవసించి, భర్తతో నడవికిఁ బోయి, ప్రాణమును గొనిపోవుచున్న యముని వెంటఁ బోయినది.

వెంటఁ బోవుట గొప్ప గాదు. పోవుచు మాటలాడుట గొప్ప. ఆమె యేడ్చినట్లు గాని, శపింతునని బెదరించినట్లు గాని భారతమున లేదు. ధర్మమును గూర్చి, సజ్జనసాంగత్యమును గూర్చి, దయను గూర్చి ముచ్చటించినది. యముఁ డామెపలుకులను మెచ్చుచు, అవి స్వరముతో, నక్షరముతో, వ్యంజనముతో, హేతువుతోఁ గూడియున్నవనెను. ఒక స్త్రీ పలుకు నింత సూక్ష్మముగాఁ బరీక్షించి మెచ్చుకొన్న దేవత పురాణములయందు మఱియొకఁడు గలఁడా? మృత్యుదేవుఁ డచ్చట శబ్దపరీక్షకుఁడయ్యెను.

వరముల క్రమమును జూడుఁడు. మామగారి చూపు, ఆయన రాజ్యము, తండ్రికి నూర్వురు కొడుకులు, తనకును సత్యవంతునకును నూర్వురు కొడుకులు అని నాలుగు. ఈ నాలుగు వరముల నిచ్చునపుడును 'సత్యవంతుని ప్రాణము దక్క' నని యముఁడు నిషేధము చేర్చెను. అయిదవ వరము నిచ్చునపుడు నిషేధము చేర్పలేదు. ఆమె దానినే పట్టుకొన్నది. తొల్లింటి వరములందువలె దీనియం దపవాదము లేదు గావున సత్యవంతుఁడు జీవించుఁగాక యని కోరినది. అతఁడు లేనిదే నాలుగవ వరము నెఱవేఱదనియుఁ జూపినది. ఉత్సర్గాపవాదముల భేదము నెఱుఁగని వారి కిది సాధ్యమా? ఇతరులు తపస్సుచేఁ గాని, శాపముచేఁ గాని సాధించినదానిని సావిత్రి వాక్యార్థవిచారముచే సాధించినది. మృత్యువునే తన పలుకుచేఁ బ్రేరేపించి తీర్పు మార్పించిన యామెయందు సవితృధాతువు సార్థకమైనది. ఇదియే యసాధారణధర్మము. కావున 'ఈమె సావిత్రి' యన్నచో, అన్యాయమైన యాజ్ఞ యెంత గొప్పవానినుండి వచ్చినను దలవంపక, యుక్తితో నెదిరించి, మార్పించి తెచ్చునది యని యర్థము చెప్పవలయును.

'సతీసావిత్రి' యను సమాసమును గూర్చియు నొక మాట. 'సతి' యను విశేషణమును విని సహగమనముతో ముడివెట్టువారు గలరు. అస్ ధాతువుపై శతృప్రత్యయము రాఁగా 'సత్' అగును, స్త్రీలింగమున ఙీప్పు వచ్చి (4.1.6) 'సతీ' యగును. ఉన్నది, మంచిది యని యర్థము. చితికిని ఆ శబ్దమునకును సంబంధము లేదు. సావిత్రికథయో, సహగమనమునకుఁ బూర్తిగాఁ బ్రతికూలము. ఆమె చచ్చిన భర్తతోఁ బోలేదు. పోయిన భర్తను దెచ్చినది. చావును జావుతో గాక బ్రదుకుతో గెలిచినది.

ఇట్టి పేరు లోకమున నెట్లు వ్యాపించెనో కొంత చూతము. తెలుఁగున నీ కథ యారణ్యపర్వశేషమునఁ జేరినదగుటచే నెఱ్ఱాప్రగ్గడ దీనిని దెనిఁగించెను. నాటకరంగమున ధర్మవరము రామకృష్ణమాచార్యులు 'సావిత్రీచిత్రాశ్వము' రచించిరి. చిత్రాశ్వుఁడనునది సత్యవంతునకే నామాంతరము. తెలుఁగుటాకీలు పుట్టిన మఱుసటి యేఁడే, 1933లో, సి. పుల్లయ్య దర్శకత్వమునఁ గలకత్తాయందు 'సావిత్రి' చిత్రము నిర్మింపఁబడినది. పిదప 'దేవదాసు' (1953), 'మాయాబజార్' (1957) చిత్రములలో నటించిన సావిత్రి, 1981లోఁ గీర్తిశేషురాలైనను, నేఁటికిని దెలుఁగువారి యింటిపేరువలె నిలిచియున్నది. మహారాష్ట్రాదిదేశములందు జ్యేష్ఠమాసమున వటసావిత్రీవ్రతము స్త్రీలకుఁ బండుగ. ఆ వ్రతము తెలుఁగునాఁట నంతగా వ్యాపింపకున్నను బేరు మాత్రము వ్యాపించినది. వంగదేశపుఁ గవయిత్రి తోరు దత్తు ఈ కథ నాంగ్లపద్యములుగా వ్రాసెను. ఆమె మరణానంతరము 1882లో నది ప్రకటింపఁబడినది. శ్రీ అరవిందులు దీనినే మహాకావ్యముగా విస్తరించిరి. 1950-51లో నది గ్రంథరూపమున వెలువడినది.

ఈ పేరు దాల్చినవారిలో నొకరిని బ్రత్యేకముగాఁ బేర్కొనవలయును. స్త్రీకి వివాహమే వైదికసంస్కారమని మనుస్మృతి (2.67) చెప్పుటచే సావిత్రీమంత్రోపదేశము స్త్రీలకుఁ దప్పినది. విచిత్రమేమన, ఏ మంత్రము చెవినిఁ బడరాదని నిషేధించిరో, ఆ మంత్రము పేరే యాఁడుబిడ్డకుఁ బెట్టి ప్రతిదినమును నూఱుమాఱులు గొంతెత్తి పిలిచిరి! నిషేధము శాస్త్రమునం దున్నది, పిలుపు వంటయింటనున్నది. ఆ పేరే దాల్చిన సావిత్రీబాయి ఫూలే (1831-1897) భర్త జోతీరావుతోఁ గలసి 1848లోఁ బుణెయందు బాలికలకుఁ బాఠశాల తెఱచి తానే చదువు చెప్పెను. బుద్ధులకుఁ బ్రేరణము గోరు మంత్రము పేరు ధరించిన స్త్రీ, బుద్ధులకుఁ బ్రేరణమే తన పనిగాఁ జేసికొనెను. ఆమె కా పేరు పెట్టినవారు నిరుక్తమును జూచి పెట్టియుండరు. అయినను సావిత్రీశబ్దమునకు నామె బ్రదుకుకంటె మేలైన వ్యాఖ్య నేను జూడలేదు.

నేఁటి పసిబిడ్డల కీ పేరు పెట్టుట తగ్గినది. పొట్టి పేళ్లయందును, క్రొత్త చప్పుళ్లయందును మక్కువ పెరుఁగుట యొక కారణము. అంతకంటె బలవత్తరమైనది, మన మా పేరునకుఁ జెప్పిన యిఱుకైన యర్థము. నా యెఱిఁగిన యొక కళాశాలావిద్యార్థిని పేరు మార్చుకొనఁదలఁచినది. తోడివారు 'సతీసావిత్రి' యని యెగతాళి చేయుదురఁట. నోరు మెదపక తలవంచుకొని యుండుదాని కా మాట మాఱుపేరైనది. యముని యెదుట నోరు మెదపినయామె పేరు నోరు మెదపనిదానికిఁ జెల్లుట కంటె శబ్దమునకుఁ గలుగఁదగిన దుర్గతి వేఱొండు లేదు. ఈ తప్పు పిల్లలది గాదు. కథలో సగము చెప్పి సగము దాఁచిన వ్యాఖ్యాతలది. అసాధారణధర్మమును విడిచి సామాన్యధర్మమును బోధించిన మాబోఁటి యుపాధ్యాయవర్గమునది.

కాఁగాఁ దేలిన యర్థమిది. సావిత్రి యనఁగా సవితకుఁ జెందినది. ప్రేరేపించు శక్తి గలది. పాతివ్రత్యము కథావ్యక్తికిఁ గల గుణములలో నొకటియే కాని శబ్దార్థము గాదు. ఆమె కసాధారణధర్మమును గాదు. బిడ్డకుఁ బేరు పెట్టువారు గాని, పేళ్ల పుస్తకములు గూర్చువారు గాని యీ పేరునకెదుట నర్థము వ్రాయునపుడు 'పురికొల్పునది' యని వ్రాయుదురేని శబ్దమునకును న్యాయము జరుగును. ఆ పేరు మోయు బాలికకును న్యాయము జరుగును. ఇందలి యుక్తాయుక్తములను విద్వాంసులు విచారింతురు గాక.